రంగు సక్యులెంట్లు: ఆకు నాటితే అన్నీ పచ్చ పిల్లలే వస్తున్నాయి, రంగు నిలవాలంటే ఎట్లా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
సెప్టెంబర్ 4, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా చెల్లెలి గృహప్రవేశం ఉంది. రిటర్న్ గిఫ్టుగా మళ్లీ స్టీలు డబ్బాలే ఎందుకు, చిన్న మట్టి కుండీలో రంగు సక్యులెంట్ (ఆకుల్లో, కాడల్లో నీళ్లు దాచుకునే దళసరి మొక్క) ఇద్దామని అక్కచెల్లెళ్లం అనుకున్నాం. ఓ డెబ్బై దాకా కావాలి. అన్నీ కొనాలంటే మాటలు కాదు కాబట్టి ఇంట్లోనే పెంచాలని నా పట్టుదల.

నా దగ్గరున్న తల్లి మొక్కలు ఇవి: తెల్ల అంచు జేడ్ (బాగా గుబురుగా ఉంది), పసుపు అంచు స్నేక్ ప్లాంట్, గులాబి అంచు కలాంచో, ఒక ఎకివేరియా, పింక్ లేడీ వేలాడే బుట్ట, ఎర్ర తల మూన్ కాక్టస్.

ఇక సందేహం. స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలు చేసి సంక్రాంతి తర్వాత నాటాను. ఇప్పుడు పిల్లలు లేచాయి. కానీ ఒక్కదానికీ పసుపు అంచు లేదు! అన్నీ పచ్చగా, అడ్డ చారలతో వచ్చాయి. తల్లి మొక్క మాత్రం అంచుతో నిగనిగలాడుతోంది. ఎరువు తక్కువైందా, ఎండ చాలలేదా? మా వీధిలో ఒకావిడ "ఇంకో రెండాకులు వస్తే రంగు అదే వస్తుందిలే" అంటోంది. నమ్మొచ్చా?

---

రేగడి_కుర్రోడు (ఆదోని)
సెప్టెంబర్ 4, రాత్రి 9:41

అక్కా, మీకు మొక్కైనా వచ్చింది. నేను ఆన్‌లైన్‌లో "ఇంద్రధనుస్సు ఎకివేరియా విత్తనాలు" తెప్పించుకున్నా. ఫొటోలో నీలం, ఊదా, నారింజ అన్నీ ఒకే పువ్వులా ఉన్నాయి. మొలిచింది చూస్తే మా పొలంలో గట్టు మీద మొలిచే గడ్డే. నేనూ ఈ చర్చ ఫాలో అవుతా.

---

చిత్రావతి (అనంతపురం)
సెప్టెంబర్ 4, రాత్రి 10:15

రాదు. ఇంకో ఇరవై ఆకులు వచ్చినా రాదు. ఎరువుకూ ఎండకూ ఇందులో సంబంధం లేదు.

పసుపు అంచు స్నేక్ ప్లాంట్‌ను లారెంటీ అంటారు. దాని ఆకు నాటితే పచ్చ మొక్కే వస్తుంది, ఎవరు నాటినా అంతే. అంచు కావాలంటే పిలకను విడదీయడం ఒక్కటే దారి. కుండీ బోర్లించి మట్టి దులిపితే మొదలు దగ్గర బొటనవేలంత లావున, పసుపూ నారింజా కాని రంగులో దుంపవేరు పక్కకు పాకి ఉంటుంది. దాని చివర పిలక లేస్తుంది. ఆ పిలకకు సొంతంగా మూడు నాలుగు వేళ్లు కనిపిస్తేనే శుభ్రమైన కత్తితో దుంపను కోయండి. కోసిన చోట నీడలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి నాటండి.

అందువల్ల స్నేక్ ప్లాంట్ మీద డెబ్బై లెక్క పెట్టుకోవద్దు. ఒక కుండీకి నాలుగైదు పిలకలొస్తే గొప్ప.

---

బాటనీ_సార్ (కడప)
సెప్టెంబర్ 5, ఉదయం 6:05

చిత్రావతి గారు చెప్పింది అక్షరాలా నిజం. కారణం కూడా తెలిస్తే మిగతా మొక్కల విషయంలో ఎవరినీ అడగనక్కర్లేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, పొడుగైతే ఓర్చుకోండి.

కొమ్మ కొనలో పెరిగే మొగ్గలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి: పై పొర, దాని కింద ఒకటి, లోపల మిగతాది. వీటిలో ఏదో ఒక పొరలోని కణాలకు పత్రహరితం తయారుచేసే శక్తి పోయిందనుకోండి. ఆ పొర నుంచి తయారైన భాగం తెల్లగానో పసుపుగానో ఉంటుంది, మిగతాది పచ్చగా ఉంటుంది. రెండు రకాల కణాలు ఒకే ఒంట్లో కాపురం చేస్తున్న ఇలాంటి మొక్కను కైమెరా అంటారు. మీ స్నేక్ ప్లాంట్ అంచు ఇలా వచ్చిందే.

పిలకలోనూ కొమ్మ కొనలోనూ ఆ పొరలన్నీ పేర్చిన మొగ్గ ముందే సిద్ధంగా ఉంటుంది. అది పెరిగితే అంచు కూడా వస్తుంది. ఆకు ముక్కలో అలాంటి మొగ్గ ఉండదు. కోసిన చోట ఏవో కొన్ని కణాలు కూడి కొత్తగా మొగ్గ కడతాయి. అవి పచ్చ కణాలైతే పిల్ల మొత్తం పచ్చ. రంగులేని కణాలైతే పిల్ల మొత్తం తెలుపు. ఆ తెల్ల పిల్ల తల్లి ఆకులో సారం ఉన్నంతకాలం ముద్దుగా కనిపిస్తుంది, ఆ తర్వాత తిండి లేక పోతుంది.

మన ధర్మవరం చీరలో అంచుకు పడుగు వేరు, ఒంటికి పడుగు వేరు. ఒంటి దారమే పట్టుకుని నేస్తే అంచు ఎక్కడి నుంచి వస్తుంది?

మరి అడ్డ చారలు పిల్లలకు ఎలా వచ్చాయంటారా? అవి ఆ జాతి లక్షణం, ప్రతి కణంలోనూ రాసి ఉంది. ఆకు నాటినా పోవు.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
సెప్టెంబర్ 5, ఉదయం 7:30

సార్, చీర ఉదాహరణతో బుర్రకెక్కింది. మా వీధి ఆవిడకు కూడా ఇదే చెప్తా. అయితే మిగతా వాటిలో డెబ్బైకి దేన్ని నమ్ముకోవాలి? ఇంకా నాలుగు నెలలపైనే టైముంది.

---

మిద్దెతోట_అత్త (ప్రొద్దుటూరు)
సెప్టెంబర్ 5, ఉదయం 8:10

అమ్మాయ్, ఎండాకాలం దాటాక మొదలుపెట్టావు, మంచి పని. రోహిణి కార్తెలో కొమ్మ గుచ్చితే వేరు రాకముందే వడలిపోతుంది. ఇప్పుడు రాత్రులు చల్లబడుతున్నాయి, పైర్లకైనా మొక్కలకైనా ఇదే అదును. జేడ్ పట్టుకో. మా మిద్దె మీద పిట్టగోడ పొడుగునా అదే. నేను ఎర్రమట్టిలో సగానికి సగం పెన్నా ఇసుక కలిపి గుచ్చుతా, అన్నీ బతుకుతాయి.

---

చిత్రావతి (అనంతపురం)
సెప్టెంబర్ 5, మధ్యాహ్నం 1:50

అత్తమ్మ జేడ్ గురించి చెప్పింది కరెక్టు. మట్టి దగ్గర నాకు తేడా ఉంది, అది కింద రాస్తా.

ముందు జేడ్. మన నర్సరీల్లో జేడ్ అని అమ్మేది ఎక్కువగా పోర్టులకేరియా. దక్షిణాఫ్రికా మొక్క, అక్కడ ఏనుగులు మేస్తాయి. అసలు జేడ్ క్రాసులా వేరే ఉంది, దానికి కాడ లావు, ఆకు పెద్దది, మన ఎండకు తట్టుకోవడం కష్టం. మీది ఎర్రటి సన్న కాడ, గోరంత ఆకు అయితే పోర్టులకేరియా. సీమ ఎండకు దీన్ని మించింది లేదు.

3, 4 అంగుళాల కొన కొమ్మలు కోయండి. ఆకుల్లో తెలుపూ పచ్చా రెండూ సమంగా ఉన్న కొమ్మనే ఎంచుకోండి. పూర్తిగా తెల్లబడిన కొమ్మ చూడముచ్చటగా ఉంటుంది కానీ వేరు పట్టదు, పట్టినా ఎదగదు. కింది అంగుళంన్నర ఆకులు తుంచేయండి. పేపరు మీద పరిచి, నీడలో, గాలి తగిలేచోట నాలుగైదు రోజులు వదిలేయండి. కోసిన మొన మీద వేలితో తడిమితే గరుకుగా, పొడిగా తగలాలి. ఆకులు కొంచెం ముడుచుకుంటాయి, టెన్షన్ పడొద్దు.

తర్వాత పొడి మిశ్రమంలోనే గుచ్చండి. నీళ్లు వెంటనే పోయొద్దు, ఇంకో వారం ఆగండి. మనవాళ్లు చెడగొట్టుకునేది ఇక్కడే. గుచ్చగానే చెంబుడు నీళ్లు పోస్తే గాయం కుళ్లుతుంది. మూడు నాలుగు వారాలకు కొమ్మను మెల్లగా పైకి లాగి చూడండి. పట్టుకున్నట్టు అనిపిస్తే వేరు వచ్చినట్టే. ముడుచుకున్న ఆకులు మళ్లీ ఉబ్బడం ఇంకో గుర్తు.

---

గంప_మొక్కలు (అనంతపురం)
సెప్టెంబర్ 5, రాత్రి 8:35

నాది మొక్కల వ్యాపారమే. చిత్రావతి అన్న రాసిన దానికి ఒక మాట కలుపుతా. మా దగ్గరకు చాలా సరుకు కడియం నుంచి లారీల్లో వస్తుంది. వేరు చుట్టూ జిగురు మట్టి ముద్ద ఉంటుంది. దారిలో ఆరిపోకుండా ఉండటానికి అది మంచిదే, కానీ సక్యులెంట్‌ను ఆ ముద్దతోనే కుండీలో పెడితే పైన ఇసుక ఎంత పోసినా లోపల తడి ఆరదు. ఇంటికి తెచ్చాక ముద్దను నీళ్లలో నానబెట్టి వదిలించి, వేళ్లు ఆరబెట్టి మార్చుకోవాలి.

ఎకివేరియాలు, రంగు రంగు గులాబీ ఆకారం మొక్కలు కలింపాంగ్ లాంటి కొండ ప్రాంతాల నుంచి వస్తాయి. అక్కడి చలికి ఆ గులాబి, ఊదా రంగులు తేలతాయి. మన దగ్గరకు వచ్చాక రంగు దిగిపోయిందని కస్టమర్లు మా మీదికి గొడవకొస్తారు.

---

బాటనీ_సార్ (కడప)
సెప్టెంబర్ 6, ఉదయం 6:10

అవును, రెండు రకాల రంగుల్ని విడదీసి చూడాలి. జేడ్ తెలుపు, స్నేక్ ప్లాంట్ పసుపు కణాల్లోనే ఉన్న తేడా. ఎకివేరియా కొనల ఎరుపు మాత్రం ఎండ, చలి, నీటి ఎద్దడి వల్ల ఆంథోసయనిన్ అనే వర్ణకం పేరుకుని వచ్చేది. నీడలో పెడితే పోతుంది, పరిస్థితి మారితే మళ్లీ వస్తుంది. ఈ రకం రంగున్న మొక్కకు ఆకు నాటినా నష్టం లేదు, పిల్ల కూడా అదే ఎండలో అదే రంగు తేలుతుంది. గ్రాప్టోపెటాలం చూడండి, నీడలో బూడిద నీలం, ఎండలో లేత గులాబి. ఆకు రాలిన చోటల్లా పిల్ల పెడుతుంది, మన వేడికి ఎకివేరియా కంటే ఎంతో నయం.

ఇంకో విషయం. ఈ జాతులు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రిపూట తెరుస్తాయి, బొగ్గుపులుసు వాయువును రాత్రే పట్టుకుంటాయి. ఎండాకాలంలో మన రాత్రులు కూడా సెగలు కక్కుతాయి కదా, అప్పుడు చాలా రకాలు ఆ పని సరిగా చేయలేక నిద్రలోకి పోతాయి. నిద్రలో ఉన్న మొక్కకు పోసిన నీళ్లు కుళ్లుకే దారి. అందుకే కొండ మొక్కలు మనకు మే నెలలో ఎండకంటే నీళ్లతోనే ఎక్కువ పోతాయి.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
సెప్టెంబర్ 6, రాత్రి 9:00

ఎకివేరియాను లిస్టు నుంచి తీసేశా. గులాబి అంచు కలాంచో ఆకులు కూడా నాటకూడదా? దాని ఆకుల అంచున బుజ్జి మొక్కలు వాటంతటవే వస్తున్నాయి కదా?

---

మిద్దెతోట_అత్త (ప్రొద్దుటూరు)
సెప్టెంబర్ 7, ఉదయం 7:15

అది మన రణపాలకు చుట్టమే కదమ్మా. చిన్నప్పుడు రణపాల ఆకు పుస్తకంలో పెట్టుకుంటే అంచు గాట్లలో వేళ్లు, మొలకలు వచ్చేవి, గుర్తుందా. ఇదీ అంతే.

---

బాటనీ_సార్ (కడప)
సెప్టెంబర్ 7, ఉదయం 7:50

చుట్టమే, ఒకే ప్రజాతి. కానీ అంచు మీద వచ్చే ప్రతి మొలకా తల్లిలా ఉండదు. కొన్ని పచ్చవి, కొన్ని అచ్చ గులాబి, కొన్ని రెండూ కలిసినవి వస్తాయి. అచ్చ గులాబివి చూసి మోజు పడకండి, వాటిలో పత్రహరితం ఉండదు, నిలవవు. కలాంచోకు కూడా కొన కొమ్మే ఖాయం. మొలకల్ని ఆట కోసం పెంచుకోండి.

---

చిత్రావతి (అనంతపురం)
సెప్టెంబర్ 7, రాత్రి 10:30

మట్టి విషయం బాకీ ఉంది. అత్తమ్మా, ప్రొద్దుటూరు మిద్దె మీద గాలికి ఎర్రమట్టి, ఇసుక మిశ్రమం త్వరగా ఆరుతుంది కాబట్టి మీకు నడుస్తోంది. అదే మిశ్రమం గిఫ్టు తీసుకున్నవాళ్ల హాల్లో టీవీ పక్కన పెడితే పది రోజులైనా తడి పోదు. గిఫ్టు మొక్క ఎవరింట్లో ఎక్కడ కూర్చుంటుందో మనకు తెలియదు కదా.

నా మిశ్రమం: జల్లెడ పట్టిన దొడ్డు ఇసుక మూడు పాళ్లు (నైసు ఇసుక వద్దు, అది సిమెంటులా బిగుసుకుంటుంది), కందిగింజంత ఇటుక ముక్కలు ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు ఒక పాలు. గుప్పెడు వేప పిండి. నల్లరేగడి చెంచా కూడా వద్దు, తడిస్తే వదలదు, ఆరితే పగిలి వేర్లు తెంపుతుంది. కుండీలో నీళ్లు పోస్తే పది అంకెలు లెక్కపెట్టేలోపు కింది బొక్కలోంచి కారాలి.

కర్నూలు, కడపవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. కుండీ పైన అందానికి రాళ్ల చిప్స్ వేస్తారు. మీ వైపు చిప్స్ చాలావరకు బేతంచెర్ల, కడప బండల పనిలో మిగిలిన సున్నపురాయి. దాని పొడి కలిస్తే మట్టిలో క్షారం పెరుగుతుంది. ఒక రాయిని గీరి ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేయండి. బుసబుసమని సన్న బుడగలు లేస్తే సున్నపురాయి, పక్కన పెట్టేయండి. గ్రానైటు చిప్స్ అయితే ఏమీ కాదు.

---

మిద్దెతోట_అత్త (ప్రొద్దుటూరు)
సెప్టెంబర్ 8, ఉదయం 6:40

నిమ్మకాయ పరీక్ష ఇప్పుడే చేశా నాయనా. మా చిప్స్ అన్నీ పొంగాయి. అయినా నా జేడ్‌కు ఏ రోగమూ లేదు. ఎర్రమట్టి మీద మాత్రం నీ మాట ఒప్పుకోను, మా అమ్మ కాలం నుంచి అదే.

---

రేగడి_కుర్రోడు (ఆదోని)
సెప్టెంబర్ 8, ఉదయం 9:05

నీళ్ల సంగతి కూడా చెప్పండి అన్నా. మా ఇంట్లో ఆర్వో మిషన్ వదిలే నీళ్లు బకెట్లు బకెట్లు పోతున్నాయి, అవే పోస్తున్నా. కుండీ అంచున తెల్లగా పేరుకుంటోంది.

---

చిత్రావతి (అనంతపురం)
సెప్టెంబర్ 8, రాత్రి 9:45

ఆపెయ్ తమ్ముడూ. మన బోరు నీళ్లలో ఉన్న ఉప్పునంతా ఆ మిషన్ వడకట్టి పక్కకు తోసేదే ఆ నీళ్లు. బోరు నీళ్ల కంటే చెడ్డవి. బాత్రూం కడగడానికి వాడుకో. ఏసీ నుంచి కారే నీళ్లు బంగారం, ఉప్పు దాదాపు ఉండదు. వాన నీళ్లు పట్టుకుంటే ఇంకా మంచిది, మాకు ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అయినా మిద్దె మీద ఒక డ్రమ్ము నింపుకోవచ్చు. ఏదీ లేకపోతే బోరు నీళ్లే పోయి, కానీ పోసినప్పుడు కింది నుంచి ధారాళంగా కారేదాకా పోయి, ఉప్పు కొట్టుకుపోతుంది. చెంచాలతో రోజూ పోయడం వల్ల ఉప్పు కూడుతుంది.

బియ్యం కడిగిన నీళ్లు గులాబీలకు పోసుకోండి, వీటికి వద్దు. పైన పులిసి చిన్న చిన్న దోమల్లాంటి పురుగులు చేరతాయి.

---

కడపబండ (కడప)
సెప్టెంబర్ 10, సాయంత్రం 5:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. గృహప్రవేశానికి ఇచ్చేవి కాబట్టి అడుగుతున్నా: ముళ్ల మొక్కలు, పాలు కారే మొక్కలు ఇంట్లో ఉండకూడదని మా నాయనమ్మ అంటుంది. మూన్ కాక్టస్ ఇస్తే ఎవరైనా నొచ్చుకుంటారేమో?

---

మిద్దెతోట_అత్త (ప్రొద్దుటూరు)
సెప్టెంబర్ 10, సాయంత్రం 6:00

నొచ్చుకుంటారు. నమ్మకం ఉన్నా లేకున్నా శుభకార్యంలో ముల్లు చేతికివ్వడం బాగుండదు. నీ ఇష్టానికి నువ్వు పెంచుకో, పంచొద్దు.

---

గంప_మొక్కలు (అనంతపురం)
సెప్టెంబర్ 10, రాత్రి 8:15

పాలు కారేవి వద్దనడానికి వాస్తు అక్కర్లేదు. జెముడు జాతి పాలు చర్మానికి తగిలితే మంట, కంట్లో పడితే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. వంకర కాడతో, తెలుపు గులాబి ఆకులతో పెడిలాంథస్ అని అమ్ముతాం, చవక, మొండి, చాలా అందం. దానికీ పాలున్నాయి. పిల్లలున్న ఇళ్లకు పంచకపోవడమే మంచిది.

ఇంకోటి. నీలం, వంకాయ రంగు, మెరుపులు చల్లిన కాక్టస్‌లు ఎక్కడ కనిపించినా కొనొద్దు. అది పెయింటు. గోరుతో గీరితే కింద పచ్చ కనిపిస్తుంది. పెయింటు కింద మొక్కకు వెలుతురు అందదు.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
సెప్టెంబర్ 11, రాత్రి 9:30

మూన్ కాక్టస్ పంచను, నా కోసమే అడుగుతున్నా. తల పక్కన ఆవగింజల్లా చిన్న చిన్న ఎర్ర పిల్లలు వచ్చాయి. తీసి మట్టిలో పెడితే వేరు వస్తుందా?

---

చిత్రావతి (అనంతపురం)
సెప్టెంబర్ 11, రాత్రి 11:00

రాదు, వచ్చినా బతకదు. ఆ ఎర్ర తలలో పత్రహరితం లేదు, కింద ఉన్న పచ్చ కాడే దానికి అన్నం పెడుతోంది. ఆ కాడ డ్రాగన్ ఫ్రూట్ జాతిది. పైది వేరే కాక్టస్, 1940ల్లో జపాన్‌లో దొరికిన రంగు రకం నుంచి వచ్చింది. రెంటినీ అంటుకట్టి అమ్ముతారు. కాడ ముసలిదైతే తల కూడా పోతుంది, కొన్నేళ్లే దాని ఆయుష్షు. కాబట్టి పిల్లను కొత్త కాడకు మార్చడమే మార్గం.

మన వైపు డ్రాగన్ ఫ్రూట్ తోటలున్నాయి, కత్తిరింపుల్లో కొమ్మలు ఊరికే ఇస్తారు. ఆరబెట్టి నాటి, బాగా వేరు పట్టాక వాడండి. ఎర్ర పిల్ల బఠాణీ గింజంత అయ్యేదాకా ఆగండి. కొత్త బ్లేడును స్పిరిట్‌తో తుడిచి కాడ తల అడ్డంగా ఒక్క కోతలో తీసేయండి. రంపంలా అటూ ఇటూ కోస్తే పనికిరాదు. కోసిన ముఖం నడుమ పావలా కంటే చిన్నగా ఒక లేత ఉంగరం కనిపిస్తుంది. మూడు పలకల అంచుల్ని కొంచెం చెక్కండి, లేకపోతే ఆరినప్పుడు అవి పైకి లేచి పిల్లను తోసేస్తాయి. ఎర్ర పిల్లను అడుగున కోస్తే దానికీ బుల్లి ఉంగరం ఉంటుంది. రెండు ఉంగరాలూ ఎక్కడో ఒకచోట తగిలేలా పెట్టాలి, అందుకే సరిగ్గా మధ్యలో కాకుండా ఒక పక్కకు జరుపుతాం. కొద్దిగా నొక్కి తిప్పి గాలి బుడగ తీసేసి, రబ్బరు బ్యాండు కుండీ అడుగు నుంచి చుట్టండి. పది పన్నెండు రోజులు నీడ. గాయం మీద నీటి చుక్క పడకూడదు. చలికాలంలో కంటే ఇప్పుడే బాగా అతుకుతుంది.

---

రేగడి_కుర్రోడు (ఆదోని)
సెప్టెంబర్ 12, ఉదయం 8:00

కోసిన చోట పసుపు పెట్టాలా అన్నా? మా అమ్మ అన్నిటికీ పసుపే అంటుంది.

---

చిత్రావతి (అనంతపురం)
సెప్టెంబర్ 12, ఉదయం 8:25

అంటు మీద మాత్రం పెట్టొద్దు, మధ్యలో పొడి పడితే అతకదు. జేడ్ కొమ్మలకు పెడితే నష్టం లేదు. గాయాన్ని మాన్పేది ఆరబెట్టడమే.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
నవంబర్ 9, సాయంత్రం 6:45

చాలా రోజులకు వచ్చాను. జేడ్ కొమ్మలు దాదాపు అన్నీ పట్టాయి. పింక్ లేడీ అయితే అడగక్కర్లేదు, కణుపు నేలకు తగిలిన చోటల్లా వేరే. ఒక్కో చిటికెడు తుంచి నాటితే చిన్న కుండీ నిండిపోయింది. కలాంచో కొనలు కూడా బతికాయి, చలికి అంచులు గులాబి తిరుగుతున్నాయి.

రెండు సమస్యలు. ఒకటి, పింక్ లేడీ బుట్టలో నడుమ పచ్చ తీగలు లేచి తెగ పెరుగుతున్నాయి. రెండు, జేడ్ ఆకు మొదట్లో దూది అంటినట్టు తెల్లగా ఉంది, చీమలు తిరుగుతున్నాయి.

---

మిద్దెతోట_అత్త (ప్రొద్దుటూరు)
నవంబర్ 9, సాయంత్రం 7:10

అది పిండినల్లి తల్లీ. చీమలే మోసుకొస్తాయి. ముందు చీమల దారి కట్టు, కుండీల్ని నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక మీద పెట్టు. మిగతావాటికి దూరంగా పెట్టు.

---

చిత్రావతి (అనంతపురం)
నవంబర్ 9, రాత్రి 9:20

చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కదాన్నీ అద్దండి. వారం తర్వాత మళ్లీ చూడండి, గుడ్లు మిగిలి ఉంటాయి. వేప నూనె కొడితే పొద్దుగూకాక కొట్టండి, నూనె తడి మీద ఎండ తగిలితే ఆకు మాడుతుంది. బూడిద పూత ఉన్న గ్రాప్టోపెటాలం లాంటి వాటికి వద్దు, పూత చెదిరి మచ్చలు పడతాయి. ఒక కుండీ పెళ్లగించి వేర్లు కూడా చూడండి, అక్కడ కూడా తెల్ల పిండి ఉంటే మట్టి మొత్తం మార్చాలి.

పచ్చ తీగల్ని కనికరం లేకుండా మొదలుకంటా తీసేయండి. పచ్చ భాగం తిండి ఎక్కువ తయారుచేసుకుంటుంది కాబట్టి రంగు భాగాన్ని దాటి పెరుగుతుంది. నెలకోసారి చూడకపోతే వచ్చే ఏడాదికి బుట్టంతా పచ్చే. జేడ్‌లోనూ అప్పుడప్పుడు ఇలా వస్తుంది.

---

బాటనీ_సార్ (కడప)
నవంబర్ 10, ఉదయం 6:00

నీడ ఎక్కువైతే పచ్చ తీగలు ఇంకా తొందరగా పైచేయి సాధిస్తాయి. అట్లని పన్నెండింటి ఎండలో పెడితే తెల్ల భాగమే ముందు మాడుతుంది, దానికి రక్షణ తక్కువ. తూర్పు బాల్కనీలో పది గంటల వరకు ఎండ తగిలే చోటు ఈ మొక్కలకు సరిపోతుంది.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
జనవరి 18, రాత్రి 8:50

కుండీలు సిద్ధం. జేడ్ ఎక్కువ, మిగతావి పింక్ లేడీ, కలాంచో. స్నేక్ ప్లాంట్ పిలకలు కొన్నే వచ్చాయి, వియ్యాలవారికి పెట్టాం. ఒక్కో కుండీకి చిన్న చీటీ కడదామని చెల్లెలు అంటోంది. "వారానికోసారి నీళ్లు పోయండి" అని రాయనా?

---

చిత్రావతి (అనంతపురం)
జనవరి 18, రాత్రి 9:30

వారం లెక్క రాయొద్దు. ఒకరు ఏసీ గదిలో పెడతారు, ఇంకొకరు మిద్దె మీద. "వేలు మట్టిలోకి గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు" అని రాయండి. పింక్ లేడీకి వేరే చీటీ, అది అంత ఎండు ఓర్చుకోదు, పైమట్టి ఆరగానే పోయాలి. దాన్ని మధ్యాహ్నం ఎండలో పెట్టొద్దని కూడా రాయండి.

మార్చి నుంచి జేడ్‌కైనా మధ్యాహ్నం ఎండ తప్పించాలి, కొత్త మొక్కలు కదా. మన దగ్గర మేలో 43, 44 డిగ్రీలు మామూలే. మిద్దె మీదైతే 50 శాతం షేడ్ నెట్ కట్టి, కుండీలు నేరుగా స్లాబు మీద కాకుండా ఇటుకల మీద పెట్టాలి. నల్ల ప్లాస్టిక్ కుండీలో వేర్లు ఉడికిపోతాయి, మీరు మట్టి కుండీ ఎంచుకున్నారు, మంచిదైంది.

---

మిద్దెతోట_అత్త (ప్రొద్దుటూరు)
జనవరి 19, ఉదయం 6:30

చీటీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించమ్మా, మా వయసువాళ్లు కూడా చదవాలి. కారులో తీసుకెళ్లేటప్పుడు కుండీల్ని గుడ్లు వచ్చే అట్టల్లో కుదురుగా పెట్టు, దొర్లవు. ముందురోజు నీళ్లు పోయకు, బరువెక్కి మట్టి కారుతుంది.

---

రేగడి_కుర్రోడు (ఆదోని)
జనవరి 19, ఉదయం 9:15

అక్కా, భోజనాలకు పిలవకపోయినా పర్లేదు. తెల్ల అంచు జేడ్ కొన రెండు దాచి పెట్టండి, ఆదివారం కర్నూలు వస్తున్నా. ఆరబెట్టి గుచ్చుతా, వారం దాకా నీళ్లు పోయను, ఆర్వో నీళ్లు అసలే పోయను.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
జనవరి 19, ఉదయం 9:40

తప్పకుండా తమ్ముడూ. కొమ్మలు ఈ రోజే కోసి పేపర్ మీద పెడతా, నువ్వొచ్చేసరికి ఆరి ఉంటాయి. వచ్చేముందు మెసేజ్ పెట్టు. చేతిసంచి తెచ్చుకో, పింక్ లేడీ కూడా ఇస్తా.